వంకలో ఉడికిన బండి

నేను కుదురుగా కూర్చోలేని మనిషిని. అన్నం తినేటప్పుడు కూడా ఒక కాలు ఆడుతూనే ఉంటుంది. బస్సు కోసం నిలబడాల్సి వస్తే, అది వచ్చే వైపే నడుచుకుంటూ పోయి ముందు ఊరి స్టాపులో ఎక్కే రకం. అలాంటివాడికి జీవాలకు సూదులు వేసే పని బాగానే కుదిరింది. జీవాలంటే మా వైపు గొర్రెలు, మేకలు. మందలు రోడ్డు పక్కన దొరకవు. గుట్టల అవతలో, వంకల అవతలో, ఎరువు కోసం ఏ రైతు తన చేలో నిలిపించుకుంటే ఆ చేలోనో ఉంటాయి. పొద్దున లేచింది మొదలు వాటి వెంట తిరగడమే నా ఉద్యోగం.

ఆ బండి కొన్నది అందుకే. బెంగళూరు నుంచి సెలవు రోజుల్లో గుట్టలెక్కడానికి వచ్చే కుర్రవాళ్లు తోలే రకం. ఎత్తుగా ఉంటుంది, టైర్లకు పెద్ద పెద్ద గుండీలు, రాళ్లన్నా ఇసుకన్నా లెక్కలేదు. ఒకడు మోజు తీరి అమ్ముతుంటే పోయి తెచ్చుకున్నాను. మా ఊళ్లో అందరి బండ్లూ గాలికే చల్లబడతాయి. దీనికి మాత్రం ముందు భాగంలో రేడియేటరు, దాని వెనక చిన్న ఫ్యాను, ఇంజను చుట్టూ తిరిగే నీళ్లు. "నీళ్లు తాగే బండిని కొన్నావేమప్పా, నీళ్లు లేని ఊర్లో" అని టీ అంగడి దగ్గర వారం రోజులు నన్ను ఆడుకున్నారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను.

ఆ రోజు సంగతి చెప్పాలంటే చిటుకు రోగం గురించి చెప్పాలి. తొలివాన పడ్డాక నేల మీద లేత గడ్డి వస్తుంది. ఎండాకాలమంతా ఎండు కంప నమిలిన గొర్రె ఆ పచ్చదనం చూస్తే ఆగదు. కడుపు పగిలేలా మేస్తుంది, ఉన్నట్టుండి ఎగిరి పడి చస్తుంది. అందులోనూ బాగా బలిసినవే ముందు పోతాయి. వచ్చాక చేయగలిగింది ఏమీ లేదు. వాన రాకముందే టీకా వేయాలి, వేశాక అది ఒంటికి పట్టడానికి రెండు వారాలైనా కావాలి. ఆ టీకా మందు చల్లగా ఉన్నంతసేపే మందు, వేడెక్కిందంటే ఉత్త నీళ్లే. కాబట్టి నా బండికి వెనక కట్టిన ఐసు పెట్టె, బండి కంటే ముఖ్యం.

కుందుర్పి అవతల ఒక ఆలుమగలకు మంద ఉండేది. పోయినేడు వాళ్లు టీకా వేయించకుండానే గుట్టల్లోకి పోయారు. వాన పడింది, సగం మంద పోయింది. ఈసారి కూడా అలాగే జరిగితే మిగిలేది ఏమీ ఉండదు, ఇద్దరూ కూలికి పోవాల్సిందే. ఆ మాట ఆయన నాతో బస్టాండులో చేయి పట్టుకుని చెప్పాడు. నేను తప్పకుండా వస్తానని మాటిచ్చాను.

కానీ ఆ పొద్దు కళ్యాణదుర్గంలో టీకా తీసుకుని, ఐసు నింపుకుని బయలుదేరేసరికే ఆలస్యమైంది. దారిలో ఇంకో మంద వాళ్లు ఆపేశారు. వానలు మొదలైతే చేలల్లో విత్తనం పడుతుంది, ఆ తర్వాత మందను ఎవరూ చేలోకి రానివ్వరు. కాబట్టి ఆ ఆలుమగలు టీకా వేయించుకుని ఆ రోజే పడమటి గుట్టలకు కదలాలనుకున్నారు, రాహుకాలం రాకముందే. దొడ్డికి అడ్డం పెట్టిన కంప తీసి, కొబ్బరికాయ కొట్టి, సాంబ్రాణి పొగ వేసి మందను బయటికి తోలితే ఇంక వెనక్కి మళ్లించకూడదని వాళ్ల పట్టు. అలా మళ్లించిన మంద నిలవదంటారు.

నేను వంక దగ్గరికి చేరేసరికి ఆయన ఫోను వచ్చింది.

"యాడుండావన్నా?"

"వంక కాడికి వచ్చినా. వస్తాండా."

"మంద దొడ్డి దాటేసినాది. చూసి చూసి తోలినాం. గుట్ట కింద నిలబెట్టుకోనుండాం. ఎనక్కి వచ్చేదానికి లేదు, నువ్వే రావాల. మబ్బు చూస్తాండావా?"

చూస్తూనే ఉన్నాను. పడమట నల్లగా, బరువుగా ఉంది. ఇంకో రోజైతే ఆ మబ్బును చూసి బండి ఆపి, చొక్కా గుండీలు విప్పుకుని నిలబడేవాణ్ణి.

వంకలో నీళ్లు పారడం నేను చూసి చాలా కాలమైంది. ఉన్నదంతా ఇసుకే. మొదటి గేరులో ఇంజను అరుస్తుంటే బండి మెల్లగా, పక్కకు జారుతూ పోతుంది. గాలి తగలదు. సగం దాటానో లేదో, మీటరు దగ్గర ఎర్ర లైటు వెలిగింది. ఫ్యాను రొద నా కాళ్ల మధ్య నుంచి వినిపిస్తూనే ఉంది. ఇంకొంచెం, ఇంకొంచెం అని తోలాను. ట్యాంకు కింద అన్నం కుండ ఉడికినట్టు కుతకుత మొదలైంది, తెల్లటి ఆవిరి ముఖానికి కొట్టింది, తడిసిన సున్నం వాసన. ఆపేశాను.

వేడి మీద రేడియేటరు మూత తీయకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఇసుకలో కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాను. ఐసు పెట్టెను విప్పి, ఒడ్డున ఉన్న ఒకే ఒక్క కంపచెట్టు నీడలో పెట్టాను. మబ్బు చూశాను. ఫోను చూశాను. ఇంజను మీద ఉమ్మి చూశాను, చుయ్యిమంది. ఇంకో రెండు చుట్లు తిరిగి, ఇంక చాల్లే చల్లారి ఉంటుందని నాకు నేనే చెప్పుకుని, తువ్వాలు మడిచి మూత తిప్పాను. ఆవిరి ఎగదన్ని మణికట్టు కాల్చేసింది. నన్ను నేనే నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను, వినేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే.

మంట కాస్త తగ్గాక ఆ మూతను తిప్పి చూశాను. లోపలి వైపు తెల్లటి పెచ్చు. గోరుతో గీకితే పొడి రాలింది. ఇంట్లో స్నానానికి నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునేది అదే. రేడియేటరు మూతి దగ్గర వేలు పెట్టాను, అక్కడా అదే. సన్నటి గొట్టాలన్నీ ఆ సున్నంతో పూడుకుపోయి ఉండాలి. రోడ్డు మీద గాలి తగులుతుంది కాబట్టి ఇన్నాళ్లు తెలియలేదు. ఒకసారి కాస్త వేడెక్కుతోందని చూపిస్తే మెకానిక్ ఫ్యాను మార్చాలన్నాడు, మార్చాను. ఫ్యాను పాపం ఏం చేస్తుంది?

అందులోకి పోసిందంతా బోరు నీళ్లు. మా వైపు మంచినీళ్లంటే డబ్బాలో కొనుక్కొచ్చుకునేవే. బోరు నీళ్లు నోట్లో పెట్టుకుంటే నాలుక మీద ఉప్పు, పళ్ల మీద పసుపు మరకలు. ఆ మంచినీళ్లతో కాళ్లు కడిగితేనే ఇంట్లో అరుస్తారు. ఇంక బండికి పోసేదెవడు? రేడియేటరులో పోయడానికి దుకాణంలో దొరికే ఆకుపచ్చ కూలెంటు అయిపోయాక, నీళ్లు తగ్గినప్పుడల్లా బోరు పైపు కింద బండి పెట్టి నింపుకునేవాణ్ణి. ఊళ్లో ట్రాక్టర్లకూ అంతే, ఆయిలు ఇంజన్లకూ అంతే. మంచినీళ్లు మనుషులకు, బోరు నీళ్లు మిషన్లకు. అది తప్పని మాలో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు.

తెలిసినంత మాత్రాన బండి కదలదు కదా. నా దగ్గర తాగే నీళ్ల బాటిలు ఒకటుంది, సగం తాగినది. పెట్టెలో ఐసు ఉంది, దాని కింద చేరిన చల్లటి నీళ్లున్నాయి. ఆ ఐసు నీళ్లు రేడియేటరు మీద పోస్తే, మిగిలినవి లోపల పోస్తే, ఇంజను వంక దాటేంత సేపు తట్టుకుంటుంది. అవతల గట్టి నేల. గుట్ట కళ్లకు కనిపిస్తూనే ఉంది. పెట్టె మూత మీద చేయి వేసి చాలాసేపు కూర్చున్నాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఊరికే ఉండలేని మనిషికి, ఏమీ చేయకుండా ఉండటమే చేయాల్సిన పని అయితే అంతకంటే శిక్ష లేదు. ఐసు తీస్తే మంద దగ్గరికి వెంటనే పోగలను, కానీ అక్కడ నేను వేసేది ఉత్త నీళ్లు. వాళ్లు నమ్మి వేయించుకుంటారు, గుట్టలెక్కుతారు, వాన పడుతుంది.

చొక్కా విప్పి, బాటిల్లో ఉన్న నీళ్లన్నీ దాని మీద పోసి, ఆ తడి చొక్కాను పెట్టె చుట్టూ చుట్టాను. బండికి ఒక్క చుక్క కూడా పోయలేదు. పెట్టె ఎత్తుకుని నడిచిపోదామా అనుకున్నాను. ఇసుకలో ఆ బరువుతో, ఆ ఎండలో, గుట్ట చేరేసరికి ఐసు మిగలదు. ఫోను చేశాను.

"బండి చెడిపోయినాది. నేను రాలేనప్పా. వంక కాడే ఉండా."

అటు నుంచి గొర్రెల మెడగంటలు వినిపించాయి. తర్వాత ఆయన అన్నాడు, "ఎనక్కి తిప్పితే మంద నిలబడదన్నా. మా నాయన కాలం నుంచి ఎవరూ తిప్పలేదు." పక్కనే ఆయన భార్య గొంతు వినిపించింది, నాకు కాదు, ఆయనకే చెప్తోంది. "పోయినేడు ముందుకే పోతిమి గదా. ఏం నిలబడినాది?" ఫోను ఆగిపోయింది. కోపంతో పెట్టేశారో, సిగ్నలు పోయిందో తెలియదు. మళ్లీ చేస్తే మోగలేదు.

ఆ తర్వాత గడిచిన సేపు ఎంతో చెప్పలేను. చొక్కా ఆరిపోయింది. ఆరిపోయిందని ముట్టుకున్నాను, పెట్టె తెరిచి చూడాలనిపించింది, తెరిస్తే చల్లదనం పోతుందని చేయి వెనక్కి తీసుకున్నాను. మళ్లీ అదే. బండి దగ్గరికి పోయి తన్నాను కూడా. అప్పుడు అవతలి గట్టు మీద దుమ్ము లేచింది. ముందు మేకపోతు, దాని వెనక మంద, పక్కన బరువు మోసే గాడిద, వెనక ఆ ఇద్దరూ.

వంక దిగుతూనే ఆవిడ అడిగిన మొదటి మాట, "మందు సల్లగుండాదా అన్నా?"

పెట్టె తెరిచాను. నిమ్మకాయంత ఐసు మిగిలి ఉంది. సీసా తీసి ఆవిడ చెంపకు ఆనించాను. ఆవిడ కళ్లు మూసుకుంది. "ఊ, ఏయి సూది" అంది.

ఆయన ఒక్కో గొర్రెను పట్టి ఇవ్వడం, నేను తొడ లోపల చర్మం ఎత్తి సూది వేయడం, సూది పడినదానికి గుర్తుగా ఆవిడ దాని వీపు మీద నీలం రంగు పూయడం. సీసా మళ్లీ మళ్లీ ఐసులోకి పోయింది. నా మణికట్టు కాలిన చోట ఉన్ని రాసుకుంటే ప్రాణం పోయేది, అయినా ఆ పని చేస్తున్నంతసేపూ నా కాళ్లు కుదురుగా ఉన్నాయి. ఆఖరి గొర్రెపిల్లకు వేసేసరికి ఐసు లేదు, చల్లటి నీళ్లు మాత్రం ఉన్నాయి.

అంతా అయ్యాక ఆయన మంద వైపు చూసి దిగులుగా నిలబడ్డాడు. ఎనక్కి తిప్పిన మంద కదా. ఆవిడ గాడిద మీది డబ్బా నుంచి ఒక చెంబెడు మంచినీళ్లు వంచుకుంది. మేకపోతు ముందు ఇసుకలో దేవుడి పేరున సాక పోసింది. "ఎనక్కి రాలేదు మనం. ఈడ్నుంచే బయల్దేరుతాండాం" అంది. ఆయన తల ఊపాడు. రెండో చెంబు నాకిచ్చింది. నేను తాగుతూ బండి వైపు చూస్తుంటే, "దానికి ఇచ్చేదానికి లేదన్నా, మాకు దారికి కావాల" అంది. నవ్వొచ్చింది. మంద పడమటికి పోయింది.

బండిని ఎవరిదో టెంపోలో వేయించుకుని సాయంత్రానికి ఇల్లు చేరాను. మా అన్న వాకిట్లో ఉన్నాడు. శెనక్కాయ విత్తనం ఒలిపించి, మూటలు కట్టి, మబ్బు చూసి వాటిని బయటికి తెచ్చి పెట్టుకున్నాడు. ఆ వాన పడితే తెల్లారే విత్తడం. పోయినేడు విత్తు ఆలస్యమై పంట చేతికి రాలేదు. ఊరంతా వీధుల్లోనే నిలబడి ఆకాశం వైపు చూస్తున్నారు. గాలి లేచింది, దుమ్ము లేచింది, మబ్బు మా నెత్తి మీదుగా జరిగి కదిరి వైపు పోయింది. ఒక్క చుక్క పడలేదు, పడమటి గుట్టల వైపు కూడా వాన జాడ లేదు.

"మోసం చేసి పోయినాది" అన్నాడు అన్న. జనం ఒక్కొక్కరే లోపలికి పోయారు. నాకు గుండెల మీద నుంచి బరువు దిగింది. ఈ సీమలో పుట్టి, వాన తప్పిపోయిందని సంతోషపడినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. అన్న ముఖం చూడలేక తల దించుకున్నాను. కానీ ఆయన చూడనే చూశాడు.

"ఏమప్పా, నీ మొకం ఎలిగిపోతాండాది?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. మంద సంగతి చెప్పాను, టీకా ఒంటికి పట్టేదాకా గడ్డి మొలవకూడదని చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టినా నాకు న్యాయమే అనిపించేది. అన్న కదిరి వైపు చూశాడు.

"ఎన్నాళ్లు పట్టాల?"

"రెండు వారాలన్నా."

"సరే. రెండు వారాలు ఆగినాక రానీలే" అని లేచాడు. విత్తనం మూట భుజానికి ఎత్తుకుని లోపలికి నడిచాడు. నేను ఇంకో మూట ఎత్తుకున్నాను.