గెర్సన్ మూడో పిలుపు

దయ్యాలంటే నాకు భయం లేదని గొప్పగా చెప్పుకునేవాళ్లు చాలామంది ఉంటారు. నా సంగతి వేరు. ఆ మాట ఎత్తితేనే నాకు చిరాకు. ఈ డెబ్బై ఎనిమిదేళ్లలో నా ముందు దయ్యం కథ మొదలుపెట్టినవాణ్ని ఎవర్నీ పూర్తి చేయనివ్వలేదు.

నేను చదివింది ఐదో తరగతి. మిగతాదంతా బైబిలు చూసి, ట్రాక్టర్లతో పాటు వచ్చే పుస్తకాలు చూసి, పొట్లాలు కట్టిన పాత పేపర్లు చూసి నేర్చుకున్నదే. గుంటూరు జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో జనరేటరు చూసుకునే మెకానిక్కుని. మా ఆవిడ మరియమ్మ అక్కడే నర్సు. మిషన్ వాళ్లు మా ఇద్దర్నీ ఆఫ్రికాలో మలావి దేశానికి, వాళ్ల వ్యవసాయ క్షేత్రానికి పంపారు. ఇరవై రెండేళ్లు ఉన్నాం.

అక్కడ పిండిమర ఆగిపోతే ఎవరో చేతబడి చేశారనేవాళ్లు. నేను ఇంజను విప్పి, డీజిల్ ఫిల్టరులో ఇరుక్కున్న చెత్త తీసి అందరికీ చూపించేవాణ్ని. విప్పి చూస్తే దేనికైనా కారణం దొరుకుతుందని నా నమ్మకం. ఇప్పుడు రాయబోయేదాన్ని ఎనిమిది నెలలుగా విప్పుతున్నాను. ఏమీ దొరకలేదు.

మేమిప్పుడు నార్త్ కరోలినాలో క్యారీలో మా అమ్మాయి సునీత ఇంట్లో ఉంటున్నాం. ఇక్కడి తెలుగు చర్చిలో మమ్మల్ని మిషనరీలని పరిచయం చేస్తారు. వెంటనే ఎవరో ఒకరు "సింహాన్ని దగ్గర్నుంచి చూశారా అంకుల్" అంటారు. చూడలేదు. లేదంటే "ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారు" అంటారు. ఎవరికీ ఇవ్వలేదు. నేను మొక్కజొన్నలు పిండి పట్టాను. బోరు పంపుకి వాషర్లు మార్చాను. అదేం మిషనరీ పని అన్నట్టు చూస్తారు. ఆ పిండి లేకపోతే ఆదివారం ప్రసంగం వినడానికి ఎవడు వచ్చేవాడో వీళ్లకి తెలీదు.

అక్కడి రోజు ఇలా ఉండేది. ఆరింటికి చెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్కని బోల్టుతో కొడతారు. పని మొదలు. మర దగ్గర ఆడవాళ్లు బుట్టలతో వరుసలో కూర్చుంటారు. మరియమ్మ డిస్పెన్సరీలో పుళ్లు కడుగుతుంటుంది. ఇక మా ఇంటికి వచ్చేవాళ్లకి వేళాపాళా లేదు. ఒకరికి ఉప్పు కావాలి, ఒకరికి సూది, ఒకరికి సైకిలు ట్యూబుకి అతుకు. తెల్లవాళ్ల బంగళాలకి వసారా ఉంది, కలిసే వేళలున్నాయి. మా ఇల్లు మర పక్కనే. అందుకని అందరికీ మేమే లోకువ.

అక్కడ తలుపు తట్టరు. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో నిలబడి "ఓడీ" అంటారు. లోపలివాళ్లు "ఓడీని" అంటే రమ్మని అర్థం. జవాబు రాకపోతే ఇంకోసారి పిలుస్తారు. మూడోసారీ పలక్కపోతే వెళ్లిపోతారు. కిటికీలోంచి తొంగి చూడటం, తలుపు నెట్టడం ఉండవు. అది వాళ్ల మర్యాద. ఆ మర్యాదనే నేను వాడుకున్నాను.

గెర్సన్ అని ఒక పెద్దాయన మా పశువుల మంద చూసేవాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఆయన పిలుపు వింటే ఆయనే అని తెలిసిపోయేది. రెండుసార్లు వెంటవెంటనే "ఓడీ, ఓడీ" అని, చేతికర్రతో మెట్టు మీద రెండు దెబ్బలు వేసి, కాస్త ఆగి, మూడోది బాగా గొంతు తగ్గించి పిలిచేవాడు, చంటిపిల్ల నిద్ర లేస్తుందేమో అన్నట్టు.

ఒక అక్టోబరు మధ్యాహ్నం. అక్కడ అది మండే ఎండాకాలం. మర బెల్టు తెగి తెల్లవారుజాము నుంచి దానితోనే కుస్తీ పట్టి, ఒంటిగంటకి అన్నం ముందు కూర్చున్నాను. ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే గెర్సన్ పిలిచాడు. మరియమ్మ సగం లేచింది. నేను చెయ్యెత్తి ఊరుకోమని సైగ చేశాను. కర్ర రెండుసార్లు చప్పుడైంది. మూడో పిలుపు కూడా అయింది. మేమిద్దరం కదలకుండా కూర్చున్నాం. అడుగులు దూరమయ్యాయి. మేం అన్నం తిన్నాం.

నాలుగింటికి ఆయన్ని ఎత్తుకొచ్చారు. మా గుమ్మం దగ్గరకి వచ్చేసరికే పిక్క మీద పాము కరిచి ఉంది. పొద్దు వాలకముందే పోయాడు. డిస్పెన్సరీలో విరుగుడు మందు ఒక్క సీసా ఉంది. ఒంటిగంటకి ఎక్కిస్తే బతికేవాడా అంటే చెప్పలేను. ఎక్కించి ఉండాల్సింది అని మాత్రం చెప్పగలను.

సమాధి దగ్గర నేనే మాట్లాడాను. మంచి సేవకుడన్నాను. అందరూ వచ్చి నా చేతులు పట్టుకున్నారు. మేం ఇంట్లోనే ఉన్నామని నేను చెప్పలేదు, మరియమ్మా చెప్పలేదు. మాలో మేం కూడా ఆ మాట ఎత్తలేదు. ముప్పై ఏళ్లు.

ఇక క్యారీ సంగతి. మొన్న ఏప్రిల్లో ఒక మంగళవారం. అమ్మాయీ అల్లుడూ ఆఫీసుకి, మనవరాలు గ్రేస్ స్కూలుకి వెళ్లారు. ఆ పూట డోర్‌బెల్ మూడుసార్లు మోగింది. మొదట ఇంటి మీద సోలార్ పలకలు వేయించుకోమని ఒకడు. తర్వాత చీమలమందు కొడతానని ఒకడు. మూడోసారి టైలు కట్టుకున్న ఇద్దరు యువకులు. యేసుక్రీస్తు గురించి నాకు రెండు నిమిషాలు చెప్తారట. నాకు. నేను థాంక్యూ అని తలుపేశాను.

మరియమ్మకి కోపమొచ్చింది.

"ఎండన పడి వచ్చారండీ. మంచినీళ్లన్నా ఇవ్వచ్చుగా?"

"నీళ్లిస్తే కూర్చుంటారు. కూర్చుంటే రక్షిస్తారు. నాకు రక్షణ ఒకసారి అయింది, చాలు."

"మనల్నీ అక్కడ ఎవరో కూర్చోబెట్టబట్టే ఇరవై రెండేళ్లు గడిచాయి."

"అయితే నువ్వే పిలిచి వడ్డించు."

ఆవిడకి షుగరు. అప్పటికే భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుంది. కంచం కూడా పెట్టుకుంది. "మీరే తినండి" అని ఆ కంచం అక్కడే వదిలేసి పైకి వెళ్లి పడుకుంది. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే ప్రమాదమని నర్సుకి నేను చెప్పేదేమిటనుకున్నాను. నాకూ ఒళ్లు మండి ఉంది. ఇంకెవడు బెల్లు కొట్టినా వినదలచుకోలేదని చెవి మిషన్లు రెండూ తీసి సాసర్‌లో పెట్టి, కూర్చుని తిన్నాను. ఆ మిషన్లు లేకపోతే పక్కన మిక్సీ తిరుగుతున్నా నాకు వినపడదు. ఇది గుర్తుపెట్టుకోండి.

తిని, కుర్చీలోనే కూర్చున్నాను. నిద్రపోలేదు. గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

"ఓడీ, ఓడీ."

తర్వాత గుమ్మం బయట ఇటుక మెట్టు మీద కర్ర చప్పుడు, రెండుసార్లు.

భయం వేసిందని రాస్తే బాగుంటుంది, కానీ వేయలేదు. నాకు కోపం వచ్చింది. ఎవడో నాతో ఆటలాడుతున్నాడనుకున్నాను. ఈ ఊళ్లో ఆ మాట తెలిసినవాడెవడని తర్వాత తట్టింది. అప్పుడు నేను చేసిన పని చెప్తాను, సిగ్గుచేటైనా. గదిలో ఎవరూ లేరు. అయినా నా చెయ్యి దానంతటదే లేచింది, ఊరుకోమన్నట్టు.

మూడో పిలుపు వచ్చింది. గొంతు తగ్గించి, అచ్చం అలాగే.

వెంటనే పైనుంచి మరియమ్మ గొంతు స్పష్టంగా, డిస్పెన్సరీలో పలికినట్టు: "ఓడీని."

నేను లేచాను. తలుపు దగ్గరకి కాదు, మెట్ల వైపు. ఎవర్ని రమ్మంటున్నావని కేకలేయడానికే ఎక్కాను. అది దాచను. ఆవిడ మంచం మీద అడ్డంగా పడి ఉంది. జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. వేలు గుచ్చి చూస్తే షుగరు నలభై లోపు ఉంది. ఎలా చేయాలో ఆవిడే ఎప్పుడో నేర్పింది కాబట్టి తేనె తెచ్చి, ఒక పక్కకి తిప్పి, చిగుళ్లకి రాశాను. 911కి ఫోన్ చేశాను. అవతలివాళ్లు ఏమంటున్నారో ఒక్క ముక్క వినపడలేదు. అడ్రసు నాలుగుసార్లు గట్టిగా చెప్పి, ఫోను పక్కన పెట్టి, మళ్లీ తేనె రాస్తూ కూర్చున్నాను. అంబులెన్స్ వాళ్లు తలుపు నెట్టుకుని పైకి వచ్చి గ్లూకోజు ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని ఆసుపత్రిలో చెప్పారు.

రాత్రి సునీత నా చెవి మిషన్లు పట్టుకొచ్చింది. సాసర్‌లోనే ఉన్నాయట. అప్పుడు తట్టింది నాకు. అంబులెన్స్ సైరన్ వినపడలేదు. ఫోన్లో మనిషి వినపడలేదు. మరి గుమ్మం బయట గొంతు తగ్గించి పిలిచిన పిలుపు ఎలా వినపడింది? పైన మూసిన గదిలోంచి వచ్చిన మాట ఎలా వినపడింది?

గుమ్మం దగ్గర కెమెరా ఉంది. గ్రేస్ ఫోన్లో అంతా వెతికింది. "తాతా, ఆ టైంలో నథింగ్. సోలార్ గై, బగ్స్ గై, టై గైస్ ఇద్దరు. తర్వాత డైరెక్ట్ అంబులెన్సే." చెవుల డాక్టరు మళ్లీ పరీక్ష చేసి, మిషన్లు లేకుండా అది అసాధ్యమన్నాడు. మరియమ్మకి పైకి వెళ్లి పడుకోవడం వరకే గుర్తు. ఎవరూ పిలవలేదంటుంది, తను పలకలేదంటుంది. షుగరు అంత పడిపోయిన మనిషి అంత స్పష్టంగా మాట్లాడలేదని ఆసుపత్రి డాక్టరూ అన్నాడు.

నేనొక పొరపాటు చేశాను. ఇదంతా మా పాస్టరుకి చెప్పాను, గెర్సన్ ఎవరో తప్ప. ఆయన వారమంతా సాఫ్ట్‌వేరు, ఆదివారం ప్రసంగం. ఎగిరి గంతేశాడు. "అంకుల్, ఇది దేవదూత. సండే సాక్ష్యం చెప్పాలి మీరు." దేవదూత కర్రతో మెట్టు కొడతాడా అని అడగబోయి ఆగాను.

ఇంటికొచ్చి మరియమ్మకి చెప్పాను. "చెప్తే మొత్తం చెప్పండి. ఆ మధ్యాహ్నం కూడా. లేదా నోరు మూసుకుని నా పక్కన కూర్చోండి." ముప్పై ఏళ్లలో ఆవిడ ఆ మధ్యాహ్నం మాట ఎత్తడం అదే మొదటిసారి.

ఆదివారం చర్చిలో మొత్తం చెప్పాను. పాస్టరు గబగబా ప్రార్థన చేసి ముగించాడు. భోజనాల దగ్గర ఒక్కొక్కరే వచ్చారు. "మీరు అలిసిపోయి ఉన్నారు కదంకుల్, మీ తప్పేముంది." "దేవుడు క్షమించేశాడు అంకుల్, వదిలేయండి." కాగితం ప్లేట్లు పంచినట్టు క్షమాపణ పంచారు. వీళ్లెవరు? వీళ్ల నాన్నా చచ్చిపోయింది? నేను బిర్యానీ వదిలేసి కార్లో కూర్చున్నాను.

క్షమించే హక్కున్న మనిషి ఒక్కతే ఉంది. గెర్సన్ కూతురు ఎస్నాతి. మరియమ్మ దగ్గరే పని నేర్చుకుని ఆ దేశంలోనే నర్సయింది. ఇప్పుడు తనూ రిటైరైంది. క్రిస్మస్‌కి వాట్సాప్‌లో శుభాకాంక్షలు పంపుతుంది. ఆ రాత్రే పదిన్నరకి ఫోన్ చేశాం. వాళ్లకి తెల్లవారబోతోంది. తను పెందలాడే లేస్తుంది. నేను వాళ్ల భాషలో, మర్చిపోయిన ముక్కలు మరియమ్మ అందిస్తుంటే, చెప్పాను. మీ నాన్న పిలిచినప్పుడు మేం లోపలే ఉన్నామన్నాను.

"తెలుసు బాంబో" అంది ఎస్నాతి. బాంబో అంటే వాళ్ల భాషలో అయ్యా అని.

ఆ రోజు గెర్సన్ మా గుమ్మం దగ్గర్నుంచి నేరుగా తన దగ్గరకే వెళ్లాడట. చేపల వేపుడు వాసన వస్తోంది, ఇద్దరూ లోపలే ఉన్నారని చెప్పాడట. మళ్లీ వెళ్లి గట్టిగా పిలుద్దామని ఎస్నాతి లేస్తే పట్టుకుని ఆపాడట. తెల్లారినప్పటి నుంచి బాంబో మర దగ్గరే ఉన్నాడు, ఏమీ తినలేదు, తిననివ్వు, తర్వాత వెళ్దాం అన్నాడట. కాటు అంత లోతుగా పడిందని గెర్సన్‌కే తెలీదట.

"మరి అప్పుడు మాతో అనలేదేం?" అని మరియమ్మ అడిగింది.

"అమాయి బాధపడుతుందని" అంది ఎస్నాతి. అమాయి అంటే అమ్మ. మరియమ్మని అక్కడందరూ అలాగే పిలిచేవాళ్లు.

ముప్పై ఏళ్లు మేం దాస్తున్నామనుకున్నదాన్ని, మా కోసం వాళ్లు దాచారు. సమాధి దగ్గర నేను మంచి సేవకుడని మాట్లాడుతుంటే, ఆ పిల్ల అన్నీ తెలిసి విని, వచ్చి నా చేతులు పట్టుకుంది.

సునీత దీన్ని కాకతాళీయం అంటుంది. అల్లుడు మెదడులో జ్ఞాపకాల గురించి ఏదో వీడియో పంపాడు, చూశాను. పాస్టరు ఇప్పటికీ దేవదూతనే పట్టుకుని ఉన్నాడు. వాళ్ల వాళ్ల జవాబులు వాళ్లకి సరిపోయాయి. మొదటిసారి గెర్సన్ మందు కోసం వచ్చాడు, అది నాకు తెలుసు. రెండోసారి ఇక్కడికి వచ్చింది ఆయనేనా, ఆయనే అయితే మేం చేసింది తెలిసి కూడా ఏ మొహం చూసి వచ్చాడు? నాకు తెలియదు. నేనైతే వచ్చేవాణ్ని కాదు.