డ్రిల్లు సారు ఎత్తిన ఎర్రజెండా

సిద్దిపేట ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మా డ్రిల్లు సారు మొన్న సోమవారం పొద్దున దవాఖానలో గుండె ఆగి కన్నుమూశారు. తెలంగాణ ఉద్యమంలో ఉన్న ఊరు గనుక, వార్త వినగానే “ఏ టెంటు మనిషి?” అని అడిగినవారున్నారు. ఆయన అన్ని పార్టీల దీక్షా టెంట్లలోనూ కూర్చున్నారు. ఏ టెంటులోనూ మైకు పట్టుకోలేదు గనుక పత్రికల్లో ఆయన కోసం వెతికి ప్రయోజనం లేదు. ఈ నాలుగు మాటలు ఆ లోటు తీరుస్తాయని హామీ ఇవ్వలేను.

ఆయన నాకు హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయులు. తర్వాత పక్కింటివారు. పొద్దున ప్రార్థనలో ఎండకు ఏ పిల్లవాడైనా సొమ్మసిల్లితే, ఈల ఊది ప్రార్థనను సగంలో ఆపేసేవారు. పాట అయ్యాక లేపవచ్చు గదా అని ఒకసారి హెడ్మాస్టరు గారు అన్నారు. “ఒక్కడు పడ్డా లైను పడ్డట్టే సార్,” అన్నారు ఈయన. ఈ సిద్ధాంతాన్ని విద్యాశాఖ ఆమోదించిన దాఖలా లేదు.

సాయంత్రాలు అరుగు మీద కూర్చొని టీ తాగేవారు. వీధిలో పెద్ద మోటారు సైకిలు ఏదైనా పోతే గ్లాసు నోటి దాకా వెళ్ళకుండా గాలిలో ఆగిపోయేది. ఆ శబ్దం మలుపు తిరిగి వినబడకుండా పోయాక గాని గుటక పడేది కాదు.

సకల జనుల సమ్మెకు బడులు మూతబడి ఉన్న రోజుల్లో, ఒక మోటారు సైకిళ్ళ కంపెనీ తమ కొత్త బండ్లను కస్టమర్ల చేత వేగంగా నడిపించే పండుగను మా ఊరి శివారులో పెట్టింది. అక్కడొక వెంచరు ఉంది. ఉద్యమం వల్ల ప్లాట్లు అమ్ముడుపోలేదు. ఇళ్ళు లేవు, తారు రోడ్లు మాత్రం నున్నగా ఉన్నాయి. మలుపుల దగ్గర జెండాలు పట్టుకొని నిలబడే వాలంటీర్లు కావాలని షోరూము యజమాని అడిగాడు. పాత శిష్యుడు గనుక సారు ఒప్పుకున్నారు. వెంట మా వీధి దర్జీ భాయిని, నన్ను తీసుకున్నారు. జీతం లేదు. సాయంత్రం ప్రతి వాలంటీరుకూ కొత్త బండి మీద ఒక రౌండు ఇస్తామని కంపెనీ మాట ఇచ్చింది.

ఆ వారమంతా దీక్షా శిబిరంలో సారుకు అదే ధ్యాస.

“ఒక్క రౌండు సాలు. అంత పెద్ద బండి నాలుగో గేర్ల ఎట్లుంటదో సూస్తా, గంతే.”

“పడితే ఏంది సార్?” అన్నాడు దర్జీ భాయి.

“నువ్వున్నవ్ గద. కుట్టు.”

పండుగ రోజు పొద్దున్నే మాకు తలా ఒక టీషర్టు ఇచ్చారు. సాయంత్రం వాపసు చేయాలన్నది నిబంధన. దాని వీపు మీద కంపెనీ పేరు, కింద “మేమంతా ఒకే కుటుంబం” అన్న ప్రకటన ఉన్నాయి. షామియానా, కూలర్లు, మంచుగడ్డల తొట్టిలో నీళ్ళ సీసాలు రైడర్లకు కేటాయించబడ్డాయి. భోజనాలు అతిథుల తర్వాత అన్నారు. అతిథులు అప్పటికింకా వస్తూనే ఉన్నారు. వాలంటీర్లే మా వెన్నెముక అని మేనేజరు మైకులో మాటిమాటికీ ప్రకటించాడు. వెన్నెముకకు దాహం వేస్తుందన్న సమాచారం షామియానా దాకా చేరినట్టు లేదు.

నాకు కుక్కలను రోడ్డు మీదికి రానివ్వని శాఖను అప్పగించారు. సారు రెండో మలుపు దగ్గర, దర్జీ భాయి మూడో మలుపు దగ్గర నిలబడ్డారు. పసుపు జెండా ఊపితే జాగ్రత్త. ఎర్రజెండా ఎత్తితే బండ్లన్నీ ఆగాలి. రైడరు పడితేనే ఎర్రజెండా ఎత్తాలని పొద్దున శిక్షణలో చెప్పారు.

ఎండ మాడుస్తున్న మధ్యాహ్నం దర్జీ భాయి నిలబడ్డచోటే కూలిపోయాడు. సారు ఎర్రజెండా ఎత్తారు. బండ్లన్నీ ఆగాయి. వెంచరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నేను పరుగెత్తి వెళ్ళేసరికి సారు భాయి తలను ఒళ్ళో పెట్టుకొని ఉన్నారు. మేనేజరు జీపులో వచ్చాడు.

“ఏ రైడర్ పడ్డాడండీ?”

“రైడరు గాదు సార్. మనిషి పడ్డడు.”

“మరి రెడ్ ఫ్లాగ్ ఎందుకు చూపించారు? పొద్దున చెప్పాం కదా?”

“గీయన అంగి మీద మీ కంపెనీ పేరే ఉన్నది. జర సదువుకోండ్రి.”

భాయి కళ్ళు తెరిచి గొణిగాడు. “నేను మంచిగనే ఉన్న సార్. బండ్లు ఆపకుండ్రి. మీ రౌండు పోతది.”

“నోరు మూసుకో భాయి,” అని సారు నా వైపు తిరిగారు. “నువ్వు గా తొట్టిలకెల్లి నీళ్ళు తే, ఉరుకు.”

అంబులెన్సు రైడర్ల కోసమని మేనేజరు నచ్చజెప్పబోయాడు.

“రైడర్లందరు నిలవడ్డరు గద సార్. ఇగ దాంతోటి మీకేం పని?”

మేనేజరు తన జీపును దారికి అడ్డం తీశాడు. అంబులెన్సు భాయిని దవాఖానకు తీసుకుపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు.

సాయంత్రం వాలంటీర్ల రౌండ్లు మొదలయ్యాయి. సారు వంతు వచ్చినప్పుడు మేనేజరు ఆయనను పక్కకు పిలిచాడు. “పొరపాటున ఎత్తాను అనండి మాస్టారూ, చాలు. నేను పైవాళ్ళకు చెప్పుకుంటాను. మీరు బండెక్కండి.” అతను చెడ్డవాడు కాడు. అతనికీ పైవాళ్ళున్నారు.

సారు బండి వైపు చూశారు. చాలాసేపు చూశారు. ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, “ఇంకా వేడిగనే ఉన్నది,” అన్నారు.

తర్వాత, “పొరపాటు గాదు గద సార్,” అన్నారు.

టీషర్టు విప్పి, మడతపెట్టి, అప్పగించి, తన అంగీ తొడుక్కున్నారు. ఇద్దరం నడుచుకుంటూ దవాఖానకు వెళ్ళాము. మా వెనుక బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. నాలుగో గేరులో అది ఎలా ఉంటుందో ఆయన ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత ఏ కంపెనీ ఆయనను పిలవలేదు. తాను కోరిన రాష్ట్రం వస్తుందో రాదో తేలకముందే ఆయన వెళ్ళిపోయారు.

సారు ఇంటి వాకిట్లో ఆయన పాత మోటారు సైకిలు ఉంది. ఆయన పోయిన మర్నాటి నుంచి దర్జీ భాయి దుకాణం తెరిచే ముందు రోజూ వస్తున్నాడు. బండిని మధ్య స్టాండు మీద నిలబెట్టి, తుడిచి, కిక్కు కొడతాడు.

“జర ఒక సుట్టు తిప్పుకరారాదు భాయి,” అంటుంది సారు భార్య.

“వద్దమ్మా. ఇంజను పట్టెయ్యకుండ సూస్తున్న, గంతే.”

గేర్లు ఒక్కొక్కటే మార్చుకుంటూ నాలుగో గేరుకు వస్తాడు. బండి కదలదు. వెనక చక్రం మాత్రం నేలకు తగలకుండా గాలిలో తిరుగుతూ ఉంటుంది. ఆమె గడప దగ్గర నిలబడి, అది ఆగేదాకా చూస్తుంది.