ఇంటివారు పంపిన కబురు

తొంభైల్లో నేను మండపేటలో లెక్కల మాస్టారుగా పనిచేసేవాణ్ణి. మేం అద్దెకున్న ఇంటి వెనక వాటాలో ఇంటి యజమానురాలు ఒక్కరే ఉండేవారు. భర్త పోయాక రెండెకరాల వరి చేను ఆవిడే చూసుకునేవారు. మేం ఆవిణ్ణి పిన్నిగారు అనేవాళ్లం.

ఒకరోజు స్కూల్లో ఇన్‌స్పెక్షన్ జరిగింది. వచ్చినాయన పిల్లల ముందే నా నోట్సు తిరగేసి, "ఇలా రాస్తే ఎలాగండి మాస్టారూ" అని పక్కన పడేశారు. ఆ మాట నమిలుకుంటూ ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే మా ఆవిడ చెప్పింది.

"పిన్నిగారు మీతో మాట్లాడాలన్నారండి."

"ఏంటట?"

"చెప్పలేదు. కాస్త మొహమాటపడుతున్నారు."

ఇల్లు ఖాళీ చేయమనడానికే ఆ మొహమాటం అనుకున్నాను. కొన్నాళ్లుగా నన్ను చూడగానే ఆవిడ లోపలికి వెళ్లిపోవడం కూడా గుర్తొచ్చింది. ఆ మాటే అంటే మా ఆవిడ నవ్వేసింది. చెల్లెలికి సుఖప్రసవమైందని ఆ మధ్యాహ్నమే కొవ్వూరు నుంచి ఫోనొచ్చింది తనకి.

"కొత్త మాగాయ రుచి చూడమనడానికేమో" అంది.

ఇద్దరం విన్నది ఒకే కబురు.

పొద్దున్నే ఆవిడ నూతి దగ్గర కనిపించారు. ఆవిడ నోరు విప్పేలోపే నేను అందుకున్నాను. "వేరే ఇల్లు చూసుకుంటాంలెండి. ఓ నెల ఆగితే చాలు."

ఆవిడ ముఖం పాలిపోయింది. "అలాగేనండి" అని లోపలికి వెళ్లిపోయారు. నా అనుమానమే నిజమైందనుకుని స్కూలుకి వెళ్లాను.

సాయంత్రం మా ఆవిడ నాతో సరిగా మాట్లాడలేదు. "తనవల్ల మనకేం ఇబ్బంది కలిగిందో అని ఆవిడ పొద్దుటి నుంచీ అన్నం ముట్టలేదండి. వెళ్లి అడగండి" అంది.

వెళ్లాను. చాలాసేపు తటపటాయించి చెప్పారావిడ.

"నాకు చదవడం, రాయడం నేర్పుతారేమోనని అడుగుదామనుకున్నానండి. మా అమ్మాయి కాకినాడ నుంచి ఉత్తరాలు రాస్తుంది. పోస్టుమేన్ గారు చదివి పెడతారు. పరాయివాళ్లు చదువుతారని దానికి తెలుసు కదా, ఏ ఉత్తరంలోనూ 'మేం క్షేమం' తప్ప ఇంకేం ఉండదు. ఈ వయసులో ఇదేంటని నవ్వుతారేమోనని, మీరు కనపడితే లోపలికి పోయేదాన్ని."

నాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు. "నిన్న స్కూల్లో మాట పడ్డానండి. ఆ చిరాకులో మీ కబురుకి లేనిపోని అర్థం తీశాను. తప్పు నాదే" అన్నాను.

"మీరు వెళ్లిపోతున్నారంటే నేనూ ఏవేవో ఊహించుకున్నానులెండి" అన్నారు ఆవిడ.

ఆదివారం నుంచి మొదలుపెట్టాం. ఒత్తుల దగ్గర చాలా తడబడ్డారు. కోతలప్పుడు మానేసి మళ్లీ వచ్చారు. ఏడాది తిరిగేసరికి కూతురికి సొంతంగా ఆరు వాక్యాలు రాసి పంపారు. జవాబుగా మందపాటి కవరొకటి వచ్చింది. అందులో ఏముందో ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు. మర్నాడు పొద్దున్నే కాకినాడ బస్సెక్కి, కూతురి దగ్గర నెల్లాళ్లు ఉండి వచ్చారు.