మంచు చూడనివాడి టైర్ల సలహా

ఆ రోజుల్లో "తెలియదు" అన్న మాట నోట రాకుండా బతకడమే తెలివి అని నమ్మేవాణ్ణి. ఖతార్ వీసా ఇప్పించిన ఏజెంటు విమానం ఎక్కేముందు నాకు నేర్పిన విద్య అదొక్కటే: అక్కడ ఎవరేం అడిగినా వచ్చనే చెప్పు, తరవాత నేర్చుకుందువుగాని. ఆ విద్యతోనే దోహాలో, ఐన్ ఖాలిద్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా కుదిరాను. ఒంటెకు మందు వేయడం వచ్చా అంటే వచ్చన్నాను. (దేవుడి దయవల్ల ఆ ఒంటె తనంతట తానే కోలుకుంది.) ఇసుకలో బండి నడపడం వచ్చా అంటే వచ్చన్నాను, టైర్లలో గాలి తగ్గించాలన్న సంగతి మూడుసార్లు కూరుకుపోయాక తెలిసింది. కోనసీమలో కొబ్బరికాయల ఆటో నడిపినవాడికి ఇంతకంటే ఏం కావాలి అనుకునేవాణ్ణి.

ఇంటి పెద్దాయనను బాబా అనడం అక్కడి ఇంటి డ్రైవర్ల అలవాటు, కాబట్టి ఆయన కొడుకు మాకు చిన్న బాబా. ఇంచుమించు నా వయసే. యూరప్‌లో ఏదో చలి ఊరికి చదువుకోవడానికి వెళ్తూ, తన రెండు సీట్ల స్పోర్ట్స్ కారును కూడా ఓడలో పంపిస్తున్నాడు. ఇంజను బలమంతా వెనక చక్రాలకే వెళ్ళే బండి. ఓడ దిగేసరికి అక్కడ మంచు పడుతుంటుంది గనుక చలికాలం టైర్లు ఇక్కడే వేయించి పంపాలని అతని ఆలోచన. ఒక సాయంత్రం నేను కారు తుడుస్తుంటే వచ్చి, ఎలాంటివి వేయించమంటావని అడిగాడు. పుట్టి పెరిగింది మంచులోనే అన్నంత ధీమాగా, బండిని తోసేవి వెనక చక్రాలే కదా, ఆ రెండింటికీ వేస్తే చాలు, ముందువి ఊరికే దొర్లుతాయి అన్నాను. అప్పటికి నేను చూసిన మంచల్లా ఫ్రిజ్‌లో పేరుకున్నదే. అతను తలూపి, ఆర్డరిచ్చి రమ్మని నన్నే అల్ మన్సూరా పంపాడు.

అక్కడి టైర్ల కొట్టు పెద్దాయనది నిజామాబాద్. టైర్ల మధ్యే తల నెరిసింది, అందరికీ చాచా. నా మాట విని కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"రెండేం సరిపోతయి తమ్మీ? ఎనకయి తోస్తయి, సరే. బండి మలుపాల్నన్నా ఆపాల్నన్నా ముందటివి గూడ పట్టాలె గద. నాలుగూ ఒక్క తీరువే ఉండాలె."

నాలుగు అమ్ముకోవాలని చూస్తున్నాడనుకుని రెండే రాయించాను. కాని ఆ మాట మాత్రం పంటి కింద రాయిలా ఉండిపోయింది.

ఆ శుక్రవారం చేపలు తెమ్మని పికప్ ఇచ్చి అల్ రువైస్ పంపారు. రేవులో జాలర్లు పెట్టెల్లోని ఐసు సిమెంటు నేల మీద గుమ్మరించారు, చిన్న మడంత మేర తెల్లగా పరుచుకుంది. చూడగానే చాచా మాట నిజమో కాదో తేల్చుకుందామని బుద్ధి పుట్టింది. పికప్ కూడా వెనక చక్రాల బండే. ముందు చక్రాలు ఐసు మీద, వెనకవి పొడి నేల మీద ఉండేలా నిలిపి, స్టీరింగు పూర్తిగా తిప్పి, మెల్లగా కదిలించాను. ముందు చక్రాలు తిరిగాయి. బండి తిరగలేదు. వెనకవి బుద్ధిగా తోస్తుంటే నిదానంగా, తిన్నగా వెళ్ళి ఖాళీ పెట్టెల వరసను కూల్చింది. (బ్రేకు కూడా తొక్కాను. తొక్కానని దానికి తెలిసినట్టు లేదు.) జాలర్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వబోయాను గాని రాలేదు. ఆ పెట్టెల చోట లోయ ఉంటే, నా చోట చిన్న బాబా ఉంటే అన్న ఊహ వచ్చింది.

తిరుగు ప్రయాణమంతా ఒకటే గుంజాటన. చెబితే ఉద్యోగం ఊడుతుంది, చెప్పకపోతే చిన్న బాబా ప్రాణం మీదికొస్తుంది. ఇంటికొచ్చి చేపలైనా దింపకుండా అతని దగ్గరికి వెళ్ళి, నాకొచ్చిన అరబ్బీ, హిందీ కలిపి చెప్పేశాను.

"బాబా, నాకు తెలియదు. నేనసలు మంచే చూడలేదు. నాలుగూ మార్పించండి."

మరి ఆ రోజు ఎందుకలా చెప్పావని అడిగాడు. తెలియదంటే పంపించేస్తారని భయమేసిందన్నాను.

"మా నాన్ననడిగితే మంచులో నడపాలంటే నాకు భయంగా ఉందని తెలిసిపోతుంది," అన్నాడతను. "అందుకే నిన్నడిగాను."

ఆ తరవాత పద అన్నట్టు "యల్లా" అని తాళాలు తీసుకున్నాడు. ఇద్దరం కలిసి చాచా దగ్గరికి వెళ్ళి నాలుగు టైర్లు రాయించాం. చాచా ఒక్క మాట దెప్పలేదు, టీ తెప్పించి ఇచ్చాడు.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం చిన్న బాబా ఫోన్ చేశాడు. దిగుడు రోడ్డు మలుపులో ఒక లారీ అడ్డం తిరిగి ఆగిపోయి ఉందట. స్టీరింగు తిప్పాడట. కారు తిరిగిందట. అంతే చెప్పి, అమ్మకు చెప్పకు అన్నాడు. ఫోన్ పెట్టేశాక, సూపర్ మార్కెట్ బయట ఆపిన బండి దిగి, దాని టైర్లు నాలుగూ ఒకసారి తడిమి చూసుకున్నాను.

ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాను. ఖతార్‌లోనే ఉన్నాను, మంచు ఇంకా చూడలేదు. అన్నీ వచ్చనే ఆ కుర్రాడు గుర్తొస్తే పిలిచి నాలుగు చీవాట్లు పెట్టాలనిపిస్తుంది. కాని అల్ రువైస్ నుంచి ఇల్లు చేరేదాకా వాడు పడ్డ భయం నాకొక్కడికే తెలుసు. పోనీలే అని నవ్వి వదిలేస్తాను.