ఎవరి తాలూకా అండీ?

తొంభైల్లో మండపేటలో అద్దె సైకిల్ ఎక్కని మగాడు లేడనుకుంటాను. రైస్‌మిల్లు పనివాళ్ళు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళి రావడానికి తీసుకునేవాళ్ళు. ఉప్పాడ చీరలు అమ్మేవాళ్ళు బస్సు దిగి, మూట వెనక కట్టుకుని వీధులన్నీ తిరిగేవాళ్ళు. పెళ్ళిచూపులకు వెళ్ళే కుర్రాళ్ళు కొత్త సీటున్నది ఏరుకునేవాళ్ళు. గంటకు రూపాయి, రోజంతా అయితే అయిదు. పంక్చర్ పడితే తీసుకున్నవాళ్ళే వేయించుకోవాలి. ఆడవాళ్ళెవరూ ఆ అద్దె సైకిళ్ళ షాపు మెట్టెక్కడం నేను చూడలేదు, నేను తప్ప.

నాది అనంతపురం వైపు. ఊరికి దూరంగా, కాలవ గట్టున ఉన్న చిన్న ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరి అప్పటికి వారం. ఆ దారిన వెళ్ళే బస్సు స్కూలు బెల్లు కొట్టాకే వచ్చేది. రోజూ ఆలస్యమే. "రేపు కూడా ఇలాగే వస్తే ఇంకొకరిని చూసుకుంటామండి మేడమ్" అని హెడ్మాస్టరుగారు ఎంతో మర్యాదగా చెప్పారు. అంత మర్యాదగా ఉద్యోగం పీకెయ్యొచ్చని గోదావరి జిల్లాకు వచ్చాకే తెలిసింది. సైకిల్ కొందామంటే మొదటి జీతమే ఇంకా చేతికి రాలేదు. ఆ ఉద్యోగం పోతే మూటాముల్లె సర్దుకుని ఊరికి పోవడమే.

ఆ సాయంత్రం సైకిల్ షాపుకి వెళ్ళాను. షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "మీరు ఎవరి తాలూకా అండీ?" అన్నాడు.

"గుత్తి తాలూకా సార్" అన్నాను ఠక్కున.

గాలి కొట్టించుకుంటున్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అడిగినదానికే కదా జవాబు చెప్పాను! షాపాయన నవ్వు ఆపుకుని, "ఊరు కాదండీ. ఇక్కడ మీరు ఎవరి మనుషులండీ అని. తెలిసినవాళ్ళు ఎవరూ లేకపోతే సైకిల్ ఎలా ఇవ్వమంటారండీ?" అన్నాడు. డబ్బు ముందే ఇస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఆ షాపులో డిపాజిట్టు అంటే డబ్బు కాదు, మనిషి. నాకేమో ఆ ఊళ్ళో మనిషన్నవాళ్ళే లేరు.

గదికి వచ్చి సబ్బుపెట్టెతో సహా సర్దేశాను. ఇంటావిడ గుమ్మంలో నిలబడి, "ఏమ్మాయ్, ఎక్కడికి?" అంది. కుళాయి నీళ్ళు ఎక్కువ వాడుతున్నానని నేను దిగిన రోజు నుంచీ సణుగుతున్న మనిషి. జరిగినదంతా చెప్పాను. గుత్తి దగ్గరకొచ్చేసరికి ఆవిడా నవ్వింది. ఊరు ఊరంతా నన్ను చూసి నవ్వడమేమిటని ఏడుపొచ్చేసింది. ఆవిడ చెప్పులు వేసుకుని నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది.

"ఏమయ్యా, మా తాలూకా పిల్లని ఒట్టి చేతుల్తో పంపేస్తావా?" అంది షాపు ముందు, వీధంతా వినబడేలా.

"అయ్యో, మీ తాలూకా అని చెప్పలేదండీ పిన్నిగారూ!"

"ఇప్పుడు చెబుతున్నాగా. రోజు అద్దెలో సగమే తీసుకో. సాయంత్రానికి తెచ్చి ఇచ్చేస్తుంది, రాత్రిపూట తొక్కదుగా."

"రాత్రిపూట ఎవరు తొక్కుతారండీ?" అని గొణిగాడాయన. గొణుగుతూనే ఒప్పుకుని, మూలనున్న ఒకే ఒక్క లేడీస్ సైకిల్ దుమ్ము తుడిచి ఇచ్చాడు. తిరిగి వస్తూ నేను ఆ సైకిల్‌నే తడిమి తడిమి చూసుకున్నాను. ఆవిడ మాత్రం దారి పొడుగునా కుళాయి నీళ్ళ గురించే మాట్లాడింది.

మర్నాడు పొద్దున్నే కుచ్చిళ్ళు ఎగదోపుకుని కాలవ గట్టెక్కాను. సైకిల్‌కి బెల్లు లేదు. ఎదురుగా బాతుల మంద వస్తే "జరగండి, జరగండి!" అని నేనే అరిచాను. బాతులు కాసేవాడు పడీపడీ నవ్వాడు. ఈసారి నేనూ నవ్వాను. రెండు వైపులా పచ్చటి చేలు, ఎదురుగాలి, కిర్రుమంటున్న చెయిను. ఎందుకో గట్టిగా పాడాలనిపించింది, పాడేశాను కూడా.

స్కూలు దగ్గర దిగి చూస్తే గేటుకి తాళం. పిల్లలు కూడా రాలేదు. గట్టు మీద కూర్చుని, ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం ఎదురుచూడటంలో ఎంత సుఖముందో మొదటిసారి తెలుసుకున్నాను.

కాసేపటికి హెడ్మాస్టరుగారు వచ్చారు. నన్ను చూశారు, సైకిల్‌ని చూశారు, చేతి వాచీ విప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. వాచీ ఆగిపోలేదు. తాళం తీసి, తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"రేపటి నుంచి మీరే తీద్దురుగాని మేడమ్."