ఆరు కోర్లు చాలన్నారు

"బాబుకా అండీ?"

ఏలూరు రోడ్డులో కంప్యూటర్ కొట్లు తిరిగినప్పుడు ప్రతిచోటా నాకు ఎదురైన మొదటి ప్రశ్న ఇది. గేమ్స్ ఆడడానికి సిస్టమ్ కట్టించుకోవాలి, రెండు ప్రాసెసర్లలో ఏది మేలో తేల్చుకోలేకపోతున్నాను అని నేను చెప్పడం, కొట్టాయన నా నెరిసిన జుట్టు వంక ఓసారి చూసి ఈ ముక్క అనడం. మాకు పిల్లలు లేరు. మొదటి రెండు కొట్లలోనూ "నాకే" అన్నాను. ఒకాయన నవ్వాడు. రెండో ఆయన నవ్వలేదు గానీ వెనక్కి తిరిగి, "సార్‌కేనంట" అని లోపలున్న వాళ్ళావిడకి చెప్పాడు. ఆ కొట్లు రెండూ ఎక్కడున్నాయో నాకు బాగా గుర్తు. మళ్ళీ ఆ గడపలు తొక్కలేదు.

మూడో కొట్లో విసుగొచ్చి "అవును, మావాడికే" అన్నాను.

"ఏం చదువుతున్నాడండీ?"

"ఇంజనీరింగ్."

"అయితే ఆలోచించకండి సార్. నీలం డబ్బా ప్రాసెసర్ తీసుకోండి. పద్నాలుగు కోర్లు. ఆటకి ఆట, చదువుకి చదువు."

ఆ సలహా నాకు వెంటనే నచ్చింది. లేని కొడుకు చదువు గురించి కాదు, అది మా బావమరిది చెప్పినదానికి సరిగ్గా ఎదురుగా ఉంది కాబట్టి.

బావమరిదంటే నా భార్య తమ్ముడు. కంకిపాడులో లెక్కల మాస్టారు. నా భార్య పోయాక భవానీపురంలో ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను. ఆఫీసు నుంచి వచ్చి తాళం తీస్తే పొద్దున వదిలిన చోటే గ్లాసు, వదిలిన చోటే తువ్వాలు. పలకరించడానికి మొదట్లో వచ్చినవాళ్ళలో చాలామంది తరవాత మళ్ళీ రాలేదు. ఎవరెవరు రాలేదో అడిగితే ఇప్పటికీ వరసగా చెప్పగలను. బావమరిది మాత్రం వచ్చాడు. ఒక ఆదివారం వచ్చి, ఆఫీసు పని కోసం ఎప్పుడో కొన్న నా పాత కంప్యూటర్‌లో ఒక ఆట ఎక్కించి, హెడ్‌సెట్ నా చెవులకి తగిలించి, "సాయంత్రం ఏడింటికి దీని ముందు కూర్చోండి బావగారూ, నేను పిలుస్తాను" అన్నాడు.

నలుగురు కలిసి విమానంలోంచి ఒక దీవి మీదకి దూకాలి. అక్కడ దొరికిన తుపాకులతో మిగతా జట్లని ఏరెయ్యాలి. గుండు తగిలి కింద పడితే వెంటనే చచ్చిపోం. మన జట్టులో ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి పక్కన కూర్చుని లేపితే లేస్తాం. నేనూ, బావమరిదీ, కైకలూరులో చేపల వ్యాపారం చేసే అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక జట్టు. ఆ అన్నదమ్ములని నేను ఏనాడూ చూడలేదు. గొంతులు మాత్రం తెలుసు. పెద్దవాడికి జలుబు చేస్తే నాకు ముందే తెలిసిపోయేది.

బయట నన్ను "బావగారూ, మీరు" అనే మనిషి, దీవి మీద కాలు పెట్టగానే "బావా, నీ వెనకాలున్నాడు, తిరుగు తిరుగు" అని అరిచేవాడు. ఇలాంటివి పట్టించుకోకుండా వదిలే అలవాటు నాకు లేదు. దీన్ని వదిలేశాను. నన్ను నువ్వు అనేవాళ్ళు అప్పటికి ఇంకెవరూ మిగల్లేదు.

ఒక్క పద్ధతి మాత్రం నేను తప్పలేదు. ఆటలోకి రమ్మని ఎవరైనా పిలిస్తే తెర మీద వాళ్ళ పేరు వస్తుంది, టింగ్‌మని చప్పుడవుతుంది. పిలవకపోయినా లోపలికి దూరిపోవడానికి పక్కనే ఒక మీట ఉంది. నేను దాన్ని ఎన్నడూ నొక్కలేదు. వాళ్ళింటి అల్లుణ్ణి నేను. అల్లుడు పిలవని చోటికి వెళ్ళడు. ఏడింటికి నా పేరు పక్కన, ఆటకి సిద్ధమని చూపే పచ్చ చుక్క వెలిగించుకుని కూర్చునేవాణ్ణి. టింగ్‌మనేది. వెళ్ళేవాణ్ణి.

కొన్నాళ్ళకి ఆటలో కొత్త హంగులు వచ్చాయి. గడ్డి కదలడం, నీడలు పడడం, వాన. నా పాత కంప్యూటర్‌కి అవి మొయ్యలేని బరువు. శత్రువు ఎదురుగా ఉన్నప్పుడే తెర బిగుసుకుపోయేది. మళ్ళీ కదిలేసరికి నేను నేల మీద ఉండేవాణ్ణి.

"సార్ బండి గేరు పళ్ళేదండీ?" అన్నాడు కైకలూరు తమ్ముడు ఒకరోజు.

"మన ఐసు లారీయే నయం రా," అన్నాడు అన్న. "తోస్తే కదులుద్ది."

ముగ్గురూ నవ్వారు. ముగ్గురిలో బావమరిది కూడా ఉన్నాడు.

మొదట్లో పడిపోయిన నన్ను లేపడానికి వెనక్కి వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళూ చచ్చేవాళ్ళు. తరవాత్తరవాత రావడం మానేశారు. "సార్, మీరు కానివ్వండి, మేం ముందుకు పోతాం" అనేవాళ్ళు. తెర అంచులు ఎర్రబడుతుంటే నేను గడ్డిలో పడుకుని వాళ్ళ అడుగుల చప్పుడు దూరమవడం వింటూ ఉండేవాణ్ణి. ఆ తరవాత టింగ్ కూడా రోజూ వచ్చేది కాదు. వారానికోసారి, తరవాత అదీ లేదు.

అందుకని కొత్త సిస్టమ్ కట్టించాలనుకున్నాను. ప్రాసెసర్ దగ్గరే చిక్కు వచ్చింది. ఒక కంపెనీది ఎర్ర డబ్బాలో వస్తుంది. ఆరు కోర్లు, ధర తక్కువ, వేడి తక్కువ. రెండో కంపెనీది నీలం డబ్బా. కోర్లు పద్నాలుగు, ధరా ఎక్కువే, వేడీ ఎక్కువే. రెండిటినీ పక్కపక్కన పెట్టి ఒకే ఆట ఆడించి చూపించే వీడియోలు చూశాను. మూలన అంకెలు మారుతుంటాయి గానీ నా కంటికి రెండు తెరలూ ఒకేలా కనిపించాయి. చివరికి బావమరిదికి ఫోన్ చేశాను. నేనే చేశాను, అది కూడా గుర్తుంచుకోవాలి.

"ఎర్రదే తీసుకో బావా," అన్నాడు. ఆట సంగతి కదా, 'నువ్వు'లోకి దిగాడు. "కోర్లంటే వంటవాళ్ళనుకో. పెళ్ళికి వండాలంటే పద్నాలుగు మంది కావాలి. నువ్వాడేది గేమ్. చురుకైనవాళ్ళు ఆరుగురుంటే సరిపోద్ది, మిగతావాళ్ళు గట్టు మీద కూర్చుని చుట్టలు కాల్చుకుంటారు. మిగిలిన డబ్బులు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టు. రేపు దీనికన్నా మంచిది వచ్చినా అదే మదర్‌బోర్డులో పడుద్ది. నీకది చాలు బావా."

నీకది చాలు.

ఈ మాట ఆ ఇంటివాళ్ళ నోట నేను వినడం అది మొదటిసారి కాదు. వాళ్ళ కొత్తింటి గృహప్రవేశం నాడు అల్లుళ్ళకి బట్టలు పెట్టారు. పెద్దల్లుడికి జరీ అంచు పట్టు పంచె. నాకు నూలు పంచె. "మీరు ఎండలో ఆఫీసుకి తిరిగే మనిషి, మీకు నూలే హాయి, ఇది చాలు" అన్నారు మా మామగారు, అందరూ వింటుండగా. పట్టు పంచె కట్టుకుని ఆఫీసుకి ఎవరు వెళ్తారు? నూలు పంచె కట్టుకుని మాత్రం ఎవరు వెళ్తారు? ఆ రాత్రి నా భార్య, "పోనీలెండి, నాన్నకి తెలీదు" అంది. ఆవిడ పోనిచ్చింది. నేను పోనివ్వలేదు.

కాబట్టి మూడో కొట్లో నీలం డబ్బా తీసుకున్నాను. దానికి తగిన బోర్డు, దాని వేడికి తగిన పెద్ద ఫ్యాన్ కొనేసరికి, గ్రాఫిక్స్ కార్డు చిన్నదానితో సర్దుకోవాల్సి వచ్చింది. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే బ్యారేజీ గేట్లెత్తినట్టు హోరు. ఆట బాగానే నడిచింది. తెర బిగుసుకోలేదు. వీడియోల్లో చెప్పినంత గొప్పగా ఏం లేదు. ఆ హోరు మాత్రం నాకు చెడ్డగా అనిపించలేదు. మిక్సీ తిరిగి ఎన్నాళ్ళో అయిన ఇంట్లో ఏదో ఒకటి తిరుగుతోంది.

కొన్నట్టు బావమరిదికి చెప్పలేదు. ఆటకి పిలిస్తే అతనికే తెలుస్తుంది కదా. ఏడింటికి పచ్చ చుక్క వెలిగించుకుని కూర్చున్నాను. అతని పేరు పక్కనా పచ్చ చుక్క ఉండేది. కైకలూరు వాళ్ళతో ఆడుతున్నాడని తెర మీద రాసి ఉండేది. నాలుగో మనిషి చోటు ఖాళీ. పిలుపు రాలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళ జట్లలో పడి ఆడాను. వాళ్ళలో కొందరు హిందీలో తిట్టుకునేవాళ్ళు. నేను పడితే ఎవరూ ఆగేవాళ్ళు కాదు.

దసరా వచ్చింది. నా భార్య ఉన్నప్పుడు ఏటా దసరాకి వాళ్ళ పుట్టింటివాళ్ళు అమ్మవారి దర్శనానికి వచ్చి, మా ఇంట్లో దిగి, నాకు బట్టలు పెట్టి వెళ్ళేవాళ్ళు. ఆవిడ పోయాక ఏ దసరాకీ ఎవరూ రాలేదు. ఈసారి తలుపు తీస్తే బావమరిది నిలబడి ఉన్నాడు, నుదుట కుంకుమతో.

వంటింట్లోకి వెళ్ళి, వాళ్ళక్క వాడిన స్టీలు పళ్ళెం ఎక్కడుంటుందో నన్ను అడక్కుండానే తీసి, సంచీలోంచి సామాను సర్ది తెచ్చాడు. తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు. వాటి మధ్య ఎర్ర డబ్బా. నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టు.

"బట్టలైతే బీరువాలో పడేస్తారు," అన్నాడు. "అందుకని ఈసారి ప్రాసెసర్ పెడుతున్నాను. అక్క లేదని మీరు అల్లుడు కాకుండా పోతారా బావగారూ? తీసుకోండి."

అప్పుడే లోపలి గదిలో కంప్యూటర్ ఫ్యాన్ హోరెత్తింది. అతను గుమ్మంలోంచి తొంగి చూశాడు. పళ్ళెం ఇంకా చేతుల్లోనే ఉంది.

"కొనేశారా?"

"కొన్నాను."

"నీలందా?"

"నీలందే."

"ఒక్క మాట చెప్పకూడదా బావా?"

"పిలిస్తే చెప్పేవాణ్ణి. పిలిచావా?"

"పాతదాంతోనే అవస్థ పడుతున్నారనుకున్నాను. పిలిస్తే కాదనలేక వస్తారు, వాళ్ళిద్దరూ మళ్ళీ ఏదో అంటారు. ఇదిచ్చాక పిలుద్దామని ఆగాను."

"వాళ్ళిద్దరేనా? నువ్వూ నవ్వావు."

"నవ్వాను. ఐసు లారీ అంటే నవ్వొచ్చింది బావా, ఏం చెయ్యను?"

"అంతేలే. మీ ఇంట్లో నాకెప్పుడూ తక్కువదే చాలు. పట్టు పంచెలు పెద్దల్లుడికి."

"ఆ పంచె ఇంకా వదల్లేదా మీరు? నాన్నే పోయారు."

"ఆయన పోయారు. పంచె ఉంది. బీరువాలో ఉంది, చూపించనా?"

అతను పళ్ళెం బల్ల మీద పెట్టాడు.

"ఇది నా బోర్డులో పట్టదు," అన్నాను. "తీసుకెళ్ళి కొట్లో వాపసు ఇచ్చెయ్."

"బొట్టు పెట్టినదాన్ని వాళ్ళు తీసుకోరు. తీసుకున్నా నేను పట్టుకెళ్ళను. అల్లుడికి పెట్టింది వెనక్కి పట్టుకెళ్ళినవాణ్ణి ఎక్కడైనా చూశారా?"

కాఫీ కలుపుతానన్నాను. వద్దన్నాడు. చెప్పులేసుకుంటూ నా వైపు చూడకుండా, "వెళ్ళొస్తానండీ" అన్నాడు.

బావగారూ అనలేదు. బావా అనలేదు. బస్సులో పక్క సీటువాడికి చెప్పినట్టు, అండీ.

ఎర్ర డబ్బా పళ్ళెంలోనే ఉండిపోయింది. తమలపాకులు వాడి, ఎండి, ముడుచుకున్నాయి. అరటిపళ్ళు తినేశాను. రోజూ ఏడింటికి కూర్చుంటూనే ఉన్నాను. అతను నన్ను పిలవకపోవడంలో నాకు ఆశ్చర్యం లేదు. కానీ ఒక అనుమానం పట్టుకుంది. వంటింట్లో అన్నం వార్చుకుంటున్నప్పుడు, ఆ ఫ్యాన్ హోరులో, ఒకవేళ పిలిచాడేమో, నాకు వినపడలేదేమో.

ఆ అనుమానంతో కొన్నాళ్ళు గడిపి, నీలం ప్రాసెసర్నీ దాని బోర్డునీ విప్పించి, ఎర్ర డబ్బా కూడా సంచీలో వేసుకుని ఆ మూడో కొట్టుకి వెళ్ళాను.

"మొన్ననే కదండీ తీసుకెళ్ళారు? బాబుకి నచ్చలేదా?"

"నచ్చలేదు."

డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "దీనికి బొట్టేంటండీ?"

"అత్తారింటివాళ్ళు పెట్టింది."

ఆయన నన్ను మళ్ళీ ఓసారి చూశాడు. బాబు గురించి ఇక అడగలేదు. ఎర్రదానికి సరిపోయే బోర్డు ఇచ్చి, నా నీలం ప్రాసెసర్నీ బోర్డునీ సగం ధరకి వెనక్కి తీసుకున్నాడు. సగం! సీలు విప్పేశానట. ఇది కూడా నేను మర్చిపోయే సంగతి కాదు.

ఇప్పుడు ఎర్రదే నడుస్తోంది. ఆటలో తేడా ఏమైనా ఉందా అంటే, వీడియోల్లోలాగే, నా కంటికేమీ కనపడదు. బావమరిది చెప్పిందే రైటని నేనెక్కడా ఒప్పుకోలేదు, ఒప్పుకోను. అతనికి ఈ మార్పు సంగతి తెలీదు. ఎవరి పేరు పక్కనైనా పచ్చ చుక్కే కనిపిస్తుంది, లోపల ఏ ప్రాసెసర్ ఉందో కనిపించదు. అడిగితే చెబుతాను. అడగాలి.

చప్పుడు మాత్రం బాగా తగ్గింది. ఆన్‌లో ఉందో లేదో దగ్గరికెళ్ళి చూస్తే గానీ తెలీదు. ఇల్లు మళ్ళీ పాత ఇల్లయిపోయింది. కుళాయి చుక్క పడితే వినిపిస్తుంది. సాయంత్రం ఏడింటికి పచ్చ చుక్క వెలిగించి, హెడ్‌సెట్ తీగ పీకేసి, స్పీకర్ పెంచి, బియ్యం కడుక్కోవడానికి వెళ్తాను. టింగ్‌మంటే వంటింట్లోకి వినపడుతుంది.