వెదురాకు కషాయం

ఉప్పల్‌లోని ఒక పరిశోధనశాలలో పనిచేసే త్రిపురసుందరి, వెదురాకు కషాయం ఎలుకల్లో మధుమేహాన్ని తగ్గించిందని 1972లో ఒక వైజ్ఞానిక పత్రికలో రాసింది. ఆ కబురు దినపత్రికల్లోనూ వచ్చింది. నాచారంలో ఆమె పక్కింటి నర్సిరెడ్డి అది చదివి, దవాఖానా మందులు మానేసి కషాయానికి దిగాడు.

మరుసటి ఏడు ఎలుకల మేత తగ్గకుండా చూస్తూ ప్రయోగం మళ్ళీ చేస్తే చక్కెర తగ్గలేదు. మొదటిసారి ఎలుకలు ఆ వగరుకి మేత మానేశాయి, చక్కెర తగ్గింది అందుకేనని ఆమెకు తేలిపోయింది.

"ఎవరూ అడగలేదు కదమ్మా, ఊరుకోండి," అన్నాడు పై అధికారి చిదంబరం.

"అడిగేదాకా నేను ఆగగలను. మా పక్కింటాయన జబ్బు ఆగదండీ," అంది. ఆ రోజే వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకు రాసి, నేరుగా నర్సిరెడ్డి ఇంటికి వెళ్ళింది.

"అన్నా, నేను రాసింది తప్పు. కషాయం మానెయ్యండి."

"అచ్చయినంక తప్పెట్లయితదమ్మా?"

"మళ్ళీ చేసి చూశాను. పనిచెయ్యలేదు."

నర్సిరెడ్డి చేతిలోని కషాయం గ్లాసు పక్కన పెట్టేశాడు. "గట్లయితే నడు, దవాఖానకు పోదాం. నీ మాట ఇప్పుడు ఇంకా ఎక్కువ నమ్ముత," అన్నాడు.

నెల తిరక్కుండా ఆయన చక్కెర అదుపులోకి వచ్చింది. పరిశోధనశాలలో ఎవరు ఏ వ్యాసం పంపాలన్నా ముందు త్రిపురసుందరికి చూపించడం మొదలైంది.